విషం ఉంటే సరిపోదు, తిన్నవాడికి గుర్తుండాలి

పచ్చటి ఆకు మీద పచ్చటి పురుగు నక్కి కూర్చోవడం ఎవరికైనా అర్థమయ్యే విషయమే, కనపడితే పక్షి తినేస్తుంది కాబట్టి. మరి నల్లటి ఒంటి నిండా పసుపు పట్టీలు, ఎర్ర చుక్కలు పెట్టుకుని పట్టపగలు అందరికీ కనపడేలా తాపీగా ఆకు మేసే గొంగళిపురుగుల సంగతేమిటి? 1867లో చార్లెస్ డార్విన్‌కి ఈ ప్రశ్న ఎంతకీ తెగలేదు. మగ పక్షులకీ మగ సీతాకోకచిలుకలకీ అంత రంగు ఎందుకంటే ఆడవాటిని ఆకట్టుకోవడానికి అని ఆయన దగ్గర ఒక జవాబు ఉంది. గొంగళిపురుగు దగ్గర ఆ జవాబు పనికిరాదు. అది ఇంకా పిల్ల దశలోనే ఉంది, దానికి జత కట్టే పనే లేదు. తోటి ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్‌ని అడిగితే ఆయన వాలెస్‌ని అడగమన్నాడు. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మాత్రం వెంటనే ఒక ఊహ చెప్పేశాడు: ఆ పురుగులు తినడానికి పనికిరానివి అయి ఉంటాయి, ఆ సంగతి పక్షికి ముందే తెలియాలనే అంత రంగు. గొంగళిపురుగు ఒళ్లు చాలా మెత్తన, పక్షి ఒక్కసారి పొడిచి, రుచి బాగాలేదని వదిలేసినా అది బతికేది అనుమానమే. కాబట్టి పొడవకముందే ఆపాలి.

రెండేళ్లకి, 1869లో, జాన్ జెన్నర్ వీర్ తను పెంచుకునే పక్షులకి రకరకాల గొంగళిపురుగులు వేసి చూసిన ఫలితాలు బయటపెట్టాడు. ఆకుపచ్చవీ మట్టిరంగువీ అయిన నున్నటి పురుగుల్ని పక్షులు లాగించేశాయి, కొట్టొచ్చే రంగులున్నవాటిని వద్దన్నాయి. వాలెస్ ఊహ నిలబడింది. ఆ తర్వాత 1890లో ఎడ్వర్డ్ పౌల్టన్ ఈ హెచ్చరిక రంగులకి అపోసెమాటిజం అని శాస్త్రీయమైన పేరు పెట్టాడు.

ఇక్కడివరకూ చాలామందికి తెలిసిన కథే. అయితే దీన్ని సాధారణంగా చెప్పే పద్ధతిలో, అంటే రంగు ఉంటే విషం ఉంటుంది, విషం ఉంటే రక్షణ ఉంటుంది అని చెప్పేయడంలో, అసలు సంగతి జారిపోతుంది. విషం పనిచేసేది తిన్న తర్వాత. అప్పటికి తినబడిన పురుగు చచ్చిపోయింది. ఆ విషం వల్ల లాభపడేది దాని తర్వాత అదే పక్షికి ఎదురుపడే అదే రకం పురుగులు, అది కూడా ఆ పక్షి బతికుండి, జరిగింది గుర్తుపెట్టుకుంటేనే. అంటే ఈ రక్షణ సగం పురుగు ఒంట్లో ఉంటే మిగతా సగం పక్షి జ్ఞాపకంలో ఉంది. రంగు ఎందుకు అంత గాఢంగా ఉంటుంది, పురుగులు గుంపుగా ఎందుకు ఉంటాయి, నెమ్మదిగా ఎందుకు కదులుతాయి, విషం లేని జీవులు కూడా అదే వేషం ఎందుకు వేస్తాయి అనే ప్రశ్నలకి ఆ రెండో సగాన్ని పట్టుకుంటేనే జవాబులు దొరుకుతాయి.

మోనార్క్ సీతాకోకచిలుకని తీసుకుందాం, దీని మీద జరిగినంత పని ఇంక దేని మీదా జరగలేదేమో. నారింజ రంగు రెక్కలు, నల్లటి ఈనెలు, అంచుల్లో తెల్ల చుక్కలు. దీని గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ మొక్క ఆకులు, అంటే మన జిల్లేడుకి దగ్గర చుట్టం. తుంపితే పాలు కారే ఆ మొక్కల్లో కార్డినోలైడ్లు అనే విషాలుంటాయి. మన కణాల పొరల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ తోసే పంపు ఒకటి ఉంటుంది, గుండె కొట్టుకోవాలన్నా నరం పనిచేయాలన్నా అది ఆడాలి. కార్డినోలైడ్ వెళ్లి ఆ పంపుని పట్టేస్తుంది. మోనార్క్ పురుగుకి ఏమీ కాకపోవడానికి కారణం దాని పంపు నిర్మాణంలో ఉన్న చిన్న మార్పులు. 2019లో శాస్త్రవేత్తలు మామూలు పండ్ల ఈగల జన్యువులో మోనార్క్‌లో ఉన్న మూడు మార్పుల్ని చేసి చూస్తే ఆ ఈగలు కూడా కార్డినోలైడ్లను తట్టుకున్నాయి. అయినా గొంగళిపురుగు జాగ్రత్తగానే ఉంటుంది. ఆకు తినబోయే ముందు చాలాసార్లు దాని ఈనెను కొరికి, పాలు కారనిచ్చి, ఆ కోతకి అవతలి భాగాన్ని మేస్తుంది. విషాన్ని తట్టుకోగలిగినా జిగురుపాలకి మూతి అంటుకుపోతే చావే కదా.

ఒంట్లో దాచుకున్న ఆ విషం సీతాకోకచిలుక అయ్యాక కూడా ఉంటుంది. 1960ల్లో లింకన్ బ్రోవర్, ఆయన సహచరులు బోనులో ఉన్న బ్లూ జే పక్షులకి మోనార్క్‌లని తినిపించారు. ఎప్పుడూ మోనార్క్ రుచి చూడని పక్షి దాన్ని తినేస్తుంది. కాసేపటికి ఈకలు నిక్కబొడుచుకుంటాయి, తల విదిలిస్తుంది, ముక్కు రుద్దుకుంటుంది, ఆపై వాంతి. తేరుకున్నాక ఇంకో మోనార్క్‌ని చూపిస్తే చాలు, ముట్టదు. ఇందులో అన్నిటికంటే చక్కటి మెలిక ఏమిటంటే, వాళ్లు కొన్ని మోనార్క్ పురుగుల్ని ఎంతో ఓపికగా క్యాబేజీ మీద పెంచారు. ఆ సీతాకోకచిలుకలు చూడ్డానికి అచ్చం మోనార్క్‌లే, విషం మాత్రం సున్నా. పక్షులు వాటిని హాయిగా తిన్నాయి. కానీ ఒకసారి విషమున్న మోనార్క్‌ని తిని వాంతి చేసుకున్న పక్షి ఆ తర్వాత క్యాబేజీ మోనార్క్‌ని కూడా దగ్గరికి రానివ్వలేదు. విషం లేని ఆ సీతాకోకచిలుకని కాపాడింది పక్షి జ్ఞాపకమే.

వాంతి ఇక్కడ చిన్న విషయం కాదు. పక్షి చచ్చిపోయి ఉంటే పాఠం కూడా దానితోనే పోయేది, ఆ చోటులోకి ఇంకో అమాయకపు పక్షి వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ఎర జీవి వైపు నుంచి చూస్తే, చంపే విషం కంటే బతికించి బాధపెట్టే విషమే ఎక్కువ లాభం. చేదు రుచి అయితే ఇంకా మేలు, ఎందుకంటే నోట్లో ఉండగానే హెచ్చరిక అందుతుంది. అక్షింతల పురుగుని వేలితో నొక్కితే దాని కాళ్ల కీళ్ల దగ్గర నుంచి పసుపుపచ్చని చుక్కలు ఊరతాయి. అది దాని రక్తమే, చేదు ఆల్కలాయిడ్లున్న రక్తం, పైగా పిరజైన్లు అనే రసాయనాల వాసన. ఆ వాసన కూడా ఊరికే లేదు. కోడిపిల్లలతో చేసిన ప్రయోగాల్లో, ఎర్రవో పసుపువో అయిన కొత్త గింజల్ని అవి మామూలుగా తినేశాయి, అవే గింజల దగ్గర పిరజైన్ వాసన ఉంటే మాత్రం వెనక్కి తగ్గాయి. రంగూ వాసనా కలిసినప్పుడే అనుమానం నిద్రలేస్తుందన్నమాట.

ఎరుపు, పసుపు, నలుపు అనే ఆ కొన్ని రంగులే మళ్లీ మళ్లీ కనపడడానికి కూడా ఇదే కారణం. ఆకుల పచ్చదనం మీద అవి కొట్టొచ్చినట్టు కనపడతాయి, పొద్దున్న వెలుగులోనూ మధ్యాహ్నం ఎండలోనూ పెద్దగా మారినట్టు అనిపించవు, అందుకని ఒకసారి చూసిన గుర్తు రెండోసారి సరిగ్గా సరిపోతుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. సిన్నబార్ చిమ్మట గొంగళిపురుగు మీది నలుపు పసుపు పట్టీలు దగ్గర్నుంచి చూస్తే కేకపెట్టినట్టుంటాయి, కాస్త దూరం వెళితే పట్టీలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి పురుగు మొక్కలో కలిసిపోతుంది. దూరంగా ఉన్నవాడిని పిలవడం దానికీ ఇష్టం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీని మీద శాస్త్రవేత్తలు వందేళ్లకి పైగా కొట్టుకున్నారు. ఇప్పుడు లక్షల మోనార్క్‌లు ఉన్నాయి, పక్షులకి పాఠం వచ్చింది, సరే. మొట్టమొదట ఏం జరిగి ఉంటుంది? అన్నీ మట్టిరంగులో ఉన్న పురుగుల మధ్య ఒకటి ఎర్రగా పుట్టిందనుకుందాం. దాని అర్థం ఏ పక్షికీ తెలియదు, పైగా అందరికంటే ముందు కనపడేది అదే. పక్షులకి పాఠం చెప్పేలోపే అది పోతుంది, ఆ ఎరుపు కూడా దానితోనే పోతుంది.

రోనాల్డ్ ఫిషర్ 1930లో ఇచ్చిన జవాబు గుంపుల గురించి. ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పురుగులు ఒకే కొమ్మ మీద ఉంటే, ఒకటి చచ్చినా పాఠం వల్ల బతికేవి దాని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే, వాటిలోనూ అవే జన్యువులు. బాగానే ఉంది, కానీ ఒంటరిగా తిరిగే రంగు పురుగులు కూడా బోలెడున్నాయి. 1982లో విక్లుండ్, యార్వి అనే ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తలు మరింత సూటిగా వెళ్లారు. వాళ్లు రకరకాల హెచ్చరిక రంగు పురుగుల్ని అనుభవం లేని పక్షులకి వేసి చూస్తే, చాలా పురుగులు ముక్కున పడి కూడా దెబ్బ తగలకుండా బయటపడ్డాయి. పక్షి పట్టుకుంటుంది, రుచి చూస్తుంది, ఉమ్మేస్తుంది. వాలెస్ అనుకున్నట్టు ప్రతి పొడుపూ చావు కాకపోతే, మొదటి ఎర్ర పురుగు తన పాఠం తనే చెప్పి తనే లాభపడగలదు. దీనికి తోడు చాలా పక్షులకి కొత్త తిండి అంటేనే బెరుకు, ఎన్నడూ చూడని రంగుని కొన్ని పక్షులు చాలాకాలం ముట్టనే ముట్టవు.

వీటన్నిటికంటే నమ్మబుద్ధి వేసే దారి ఒకటి 2023లో కప్పలు, వాటి తోకున్న చుట్టాలైన సాలమాండర్ల మీద జరిగిన పెద్ద పరిశీలనలో తేలింది. వెయ్యికి పైగా జాతుల వంశవృక్షాన్ని, వాటి రంగుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, పూర్తిగా దాక్కునే జాతి ఒక్కసారిగా పూర్తిగా కనపడే జాతిగా మారడం చాలా అరుదు. మధ్యలో ఒక మెట్టు ఉంది: వీపు మట్టిరంగు, పొట్టా తొడల లోపలి భాగాలూ ఎరుపో నారింజో. మామూలుగా దాక్కుంటుంది, పట్టుబడబోయే క్షణంలో మాత్రం రంగు చూపిస్తుంది. ఉత్తర అమెరికా పడమటి తీరంలో ఉండే రఫ్ స్కిన్డ్ న్యూట్ అనే సాలమాండర్ ఇప్పటికీ ఈ పనే చేస్తుంది. ఎవరైనా కదిలిస్తే తలా తోకా పైకి వంచి నారింజ రంగు గొంతూ పొట్టా బయటపెడుతుంది. దాని చర్మంలో ఉన్నది టెట్రోడోటాక్సిన్, పఫర్ చేపలో ఉండేదే. నీలి వలయాల ఆక్టోపస్ కూడా అంతే, ప్రశాంతంగా ఉన్నప్పుడు రాయిరంగులో పడుంటుంది, బెదిరితేనే ఆ నీలి వలయాలు మెరుస్తాయి, విషం మళ్లీ అదే.

విషాన్ని సొంతంగా తయారుచేసుకునేవి ఉన్నాయి, తిండిలోంచి దాచుకునేవి ఉన్నాయి. తయారీలో బాంబార్డియర్ పురుగుని మించింది లేదు. పొట్ట చివర ఒక గదిలో హైడ్రోక్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ నిల్వ ఉంటాయి, వాటిని ఎంజైములున్న ఇంకో గదిలోకి వదిలితే భగ్గుమని, దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ వేడితో, ఘాటైన బెంజోక్వినోన్ల జల్లు సెకనుకి కొన్ని వందల విడతలుగా బయటికి కొడుతుంది. జపాన్‌లో 2018లో గోదురుకప్పల చేత ఈ పురుగుల్ని మింగించి చూశారు. నలభై శాతానికి పైగా కప్పలు వాటిని తిరిగి కక్కేశాయి, మింగిన పన్నెండు నిమిషాల నుంచి గంటన్నర దాటిన తర్వాత కూడా. కక్కిన పురుగులు ప్రాణాలతోనే ఉన్నాయి. కడుపులోకి వెళ్లి బయటికి వచ్చిన పురుగుకి మొదటి బాధితుడి చిక్కు లేనట్టే.

అరువు విషంలో పేరున్నది కొలంబియా పసిఫిక్ తీరపు అడవుల్లోని బంగారు విషకప్ప. 1978లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించారు. పెద్ద కప్ప చర్మంలో దాదాపు ఒక మిల్లీగ్రాము బాట్రకోటాక్సిన్ ఉండొచ్చు, నరాల్లోని సోడియం ద్వారాల్ని మూసుకోనివ్వకుండా తెరిచి ఉంచే విషం, గుండె ఆగిపోవడానికి చాలా కొద్ది చాలు. అక్కడి ఎంబెరా ప్రజలు ఊదుగొట్టంతో వేసే చిన్న బాణాల మొనలకి రాసుకుంటూ వచ్చింది ఇదే. ఇంత భయంకరమైన కప్పని బోనులో పుట్టించి మామూలు పురుగులు వేసి పెంచితే దానికి విషమే ఉండదు. అడవిలో అది తినే పురుగుల నుంచి వచ్చిన సరుకు అది. ఇదే విషం భూగోళానికి అవతల, న్యూగినీలో, ఒక పక్షిలో కూడా దొరికింది. 1989లో జాన్ డంబాకర్ వేరే పక్షుల కోసం కట్టిన వలలో పిటోహుయ్ అనే నారింజ నలుపు పక్షులు చిక్కాయి. వాటిని విడిపించేటప్పుడు వేళ్లు గీసుకుని, ఆ గాయాన్ని నోట్లో పెట్టుకుంటే మూతి మంట, తిమ్మిరి. 1992లో ఆ విషం బాట్రకోటాక్సిన్ కుటుంబానిదే అని ప్రకటించారు, తర్వాత చిన్న చిన్న పెంకు పురుగుల్లో దాని మూలం దొరికింది.

యూటెథైసా చిమ్మట కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. దీని పురుగులు జనుము జాతి మొక్కల కాయల్లోని గింజలు తిని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లను ఒంట్లో చేర్చుకుంటాయి. పెరిగిన చిమ్మట పొరపాటున సాలెగూడులో పడితే పెనుగులాడదు, కదలకుండా ఉండిపోతుంది. సాలీడు పరుగున వస్తుంది, తడిమి చూస్తుంది, ఆపై కొరకడం మాని తన సొంత గూడు పోగుల్ని ఒక్కొక్కటే తెంచి చిమ్మటని కింద పడేస్తుంది. చిమ్మట ఎగిరిపోతుంది. ఆ ఆల్కలాయిడ్ లేని తిండి మీద పెంచిన చిమ్మటల్ని అదే సాలీడు తినేస్తుందని థామస్ ఐస్నర్ బృందం చూపించింది. మగ చిమ్మట జత కట్టేటప్పుడు వీర్యంతో పాటు కొంత విషాన్ని కూడా ఆడదానికి ఇస్తుంది, ఆడది దాన్ని గుడ్లలోకి పంపుతుంది. తన దగ్గర ఎంత సరుకుందో మగది ముందే వాసన ద్వారా చెప్పుకుంటుంది, ఆ వాసన తయారయ్యేది కూడా ఆ ఆల్కలాయిడ్ నుంచే.

చీకట్లో రంగు పనికిరాదు. గబ్బిలాలు వేటాడే వేళ కొన్ని టైగర్ చిమ్మటలు టిక్కుటిక్కుమని అతిధ్వనులు చేస్తాయి. రుచి చూసి దెబ్బతిన్న గబ్బిలానికి ఆ తర్వాత ఆ టిక్కు చాలు. స్కంక్ అనే జంతువు పద్ధతి వేరు, చీకట్లోనూ కనపడే నలుపు తెలుపు, ముందు కాళ్లు నేలకేసి కొట్టడం, తోక లేపడం, అప్పటికీ వినకపోతేనే దుర్గంధం చిమ్మడం. వాసన పెద్దగా పట్టని పెద్ద కొమ్ముల గుడ్లగూబ మాత్రం దాన్ని ఎత్తుకుపోతుంది.

పక్షి జ్ఞాపకం మీద ఇంత పెట్టుబడి ఉన్నాక దాన్ని వాడుకునేవాళ్లు రాకుండా ఉంటారా! ఈశ్వరి తీగ జాతి మొక్కలు తిని విషం కూడబెట్టుకునే కామన్ రోజ్ అనే సీతాకోకచిలుక ఉంది, నల్లటి రెక్కల మీద తెలుపూ ఎరుపూ మచ్చలు. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద పెరిగే కామన్ మార్మన్‌కి ఏ విషమూ లేదు, దాని ఆడవాటిలో ఒక రకం అచ్చం ఆ రోజ్‌లాగే ఉంటుంది. తేడా కనిపెట్టాలంటే ఒళ్లు చూడాలి, రోజ్‌ ఒళ్లు ఎర్రన, వేషగాడి ఒళ్లు నల్లన. మగవి మాత్రం ఈ వేషం వేయవు. ఈ మొత్తం వేషాన్ని డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడిపిస్తోందని 2014లో తేలింది. విషం లేనిది ఉన్నదాన్ని అనుకరించే ఈ రకాన్ని 1862లోనే బేట్స్ వివరించాడు. ఇందులో హద్దు కూడా ఉంది, వేషగాళ్లు మరీ ఎక్కువైతే పక్షి నేర్చుకునే పాఠమే తలకిందులవుతుంది.

విషమున్నవే ఒకదానిలాగా ఇంకొకటి ఉండడం ఇంకో రకం. 1879లో ఫ్రిట్జ్ ముల్లర్ దీనికి లెక్క వేసి చూపించాడు. పక్షులు ఒక గుర్తుని నేర్చుకోవడానికి వంద సీతాకోకచిలుకలు బలి కావాలనుకుందాం. రెండు జాతులకి వేర్వేరు గుర్తులుంటే ఒక్కోదానికి వంద పోతాయి, ఒకే గుర్తు ఉంటే ఆ వందని ఇద్దరూ పంచుకుంటారు. మోనార్క్‌ని పోలిన వైస్‌రాయ్ సీతాకోకచిలుకని విషం లేని వేషగాడని పుస్తకాలు చాలాకాలం రాసుకున్నాయి, 1991లో పక్షులకి పెట్టి చూస్తే అది కూడా రుచికి అసహ్యమైనదేనని తేలింది. పాఠం నేర్చుకోవడానికి పక్షి తనే తినక్కర్లేదు కూడా. 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పక్షి చేదు తిండి తిని తల విదిలించి ముక్కు తుడుచుకునే వీడియో చూసిన గ్రేట్ టిట్ పక్షులు ఆ గుర్తున్న తిండిని తక్కువగా ముట్టాయి. అంటే ఒక్క పురుగు బలితో చాలా పక్షులకి చదువు అబ్బుతుంది.

ఇదంతా శాశ్వతమైన భద్రత అనుకోకూడదు. న్యూట్ విషాన్ని తట్టుకునే గార్టర్ పాములు పుట్టుకొచ్చాయి, వాటి సోడియం ద్వారాల్లో మార్పులున్నాయి, ఆ తట్టుకునే శక్తికి బదులుగా వాటి పాకే వేగం తగ్గింది. మెక్సికోలో చలికాలం గడిపే మోనార్క్‌లని కొన్ని పక్షులు లెక్కలేకుండా తింటాయి.

నేర్చుకోవడం అసలు కుదరని చోట ఏమవుతుంది? పగడపు పాము కాటు వేస్తే పక్షికి రెండో అవకాశం ఉండదు. 1975లో సూసన్ స్మిత్, మనుషుల చేతుల్లో పెరిగి పాముని ఎన్నడూ చూడని మాట్‌మాట్ పక్షి పిల్లలకి ఎరుపు పసుపు వలయాలు వేసిన పుల్లల్ని చూపించింది. అవి దూరంగా పారిపోయాయి, వేరే రంగుల వలయాలనీ అవే రంగుల నిలువు గీతల్నీ మాత్రం పొడిచి చూశాయి. తరాల తరబడి నేర్చుకోనివి చచ్చిపోగా, పుట్టుకతోనే భయం ఉన్నవి మిగిలాయి. అంత కాలం దొరకని జంతువుల గతి ఆస్ట్రేలియాలో కనపడింది. చెరకు పైరుని పాడుచేసే పెంకు పురుగుల్ని తింటాయని 1935లో అక్కడికి కేన్ టోడ్ అనే విషపు గోదురుకప్పల్ని తెచ్చి వదిలారు. వాటికి హెచ్చరిక రంగూ లేదు, అక్కడి జంతువులకి అలాంటి విషంతో పరిచయమూ లేదు. నార్తర్న్ క్వోల్ అనే చిన్న మాంసాహారి జంతువులు, పెద్ద ఉడుములు పెద్ద కప్పని మింగి అక్కడికక్కడే చచ్చిపోయాయి, పాఠం ఎవరికీ మిగల్లేదు. శాస్త్రవేత్తలు ఆ పాఠాన్ని కృత్రిమంగా చెప్పడం మొదలుపెట్టారు. చంపేంత విషం లేని చిన్న చచ్చిన కప్పలో వికారం పుట్టించే మందు కలిపి క్వోల్‌లకి పెడితే అవి జబ్బుపడ్డాయి, తేరుకున్నాయి, అడవిలో వదిలాక శిక్షణ లేనివాటికంటే ఎక్కువ కాలం బతికాయి. ఉడుముల కోసం ఇంకా తేలికైన దారి పట్టారు: పెద్ద కప్పల దండు ఒక ప్రాంతానికి చేరకముందే అక్కడ గోదురుకప్ప పిల్లల్ని వదులుతున్నారు, వాటిని తిన్న ఉడుము వాంతి చేసుకుంటుంది, చావదు, ఆ వెనకాల వచ్చే పెద్ద కప్పని ముట్టదు.